పేక పడని పడుగు

అక్క పోయిన నాలుగో రోజు పొద్దున ఫర్హానా ఫోన్ చేసింది. పలకరింపు కూడా లేకుండా, "అన్నా, నీలక్క మిషన్ నేను ఆన్ చెయ్యలే. ప్లగ్గు గూడ పీకి పెట్టిన. నువ్వొచ్చి జూడు," అంది.

ఆ మిషన్ ఉన్న గది మెట్లెక్కి పద్నాలుగు నెలలైంది. ఎక్కనని శపథం చేసింది నేనే. శపథాలు చేయడంలో మా ఇంటివాళ్లు దిట్టలు, వాటిని నిలబెట్టుకోవడంలో ఇంకా దిట్టలు. మా కొంప ముంచింది ఈ రెండోదే.

"ఆన్ జేస్తే ఏమైతది?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఏమైతదో నీకు తెల్వదా? ఊడ్చే రూలు రాసింది నువ్వే గద."

"అది నా దిక్కు రూలు. అక్క పెట్టుకోలే."

"పెట్టుకున్నది. పోయిన వారమే. నువ్వు ఇటు దిక్కు సూడనే సూడవు, ఇగ ఎట్ల తెలుస్తది?"

చెప్పులు వేసుకుని బయలుదేరాను. కాజీపేట నుంచి వరంగల్ కొత్తవాడకు ఆటోలో అరగంట పట్టదు. పద్నాలుగు నెలలు నేను నడవలేకపోయిన దూరం అంతే.

కొత్తవాడలో నేత సంఘం గోదాము మీద ఒకే ఒక గది ఉంది. కింద జంపఖానాల కట్టలు, పైన మేము. మేమంటే ముగ్గురం: మా అక్క నీలవేణి, నేను, ఫర్హానా. కంప్యూటరును నడిపించే వ్యవస్థ ఒకటి రాశాం. వేలమంది జీతాలు తీసుకుని రాసే పనిని ముగ్గురం రాశాం కాబట్టి దానికి ఎన్ని అతుకులున్నాయో చెప్పక్కర్లేదు. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. పేరు 'పడుగు'. ఆ పేరు పెట్టింది మా నాన్న, అంటే బాపు.

అసలు అది మొదలైందే బాపు కోసం. నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చెయ్యి కదలదు గానీ, కదలమనే ఆజ్ఞ మాత్రం మణికట్టు దాకా సన్నగా వస్తూనే ఉందని డాక్టరు మాటవరసకు అన్నాడు. అక్క ఆ మాటను పట్టుకుంది. మణికట్టుకు ఒక పట్టీ కట్టి, ఆ ఆజ్ఞను పట్టి, అక్షరంగానో గీతగానో మార్చింది. ఆరు నెలల్లో బాపు జంపఖానాల నమూనాలు మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. మొదటి నమూనా చూసి, "అంచు వంకర పోయింది, నీ మిషన్ తాగి ఉన్నదా?" అన్నాడు. అక్క ఆ రోజు గది అంతా తిరుగుతూ నవ్వింది.

కంప్యూటరు ఏదైనా సరే, ఫైలు మార్చేముందు చేయబోయేది ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, లేవగానే ఆ చిట్టా చదువుకుని మిగిలిన పని ముగిస్తుంది. మగ్గం మీద ముందు పడుగు సాగదీస్తారు, తరువాతే అడ్డంగా పేక పడుతుంది. చిట్టా పడుగు, ఫైలు పేక. అక్క చేసిన కొత్త సంగతి ఏమిటంటే, మా చిట్టా కంప్యూటరులో కాదు, మనిషి మణికట్టులో మొదలవుతుంది. రాయాలన్న కోరిక నరంలో పుట్టగానే అది పట్టీలోని చిన్న చిప్పులో పడుతుంది. మనిషి ఎడమచేత్తో మీట నొక్కి 'సరే' అంటే దానికి ముడి పడుతుంది. ముడి పడ్డాకే ఫైలులోకి ఎక్కుతుంది. మేం ముగ్గురం కూడా పట్టీ కట్టుకునే పనిచేసేవాళ్లం. "వండినోళ్లు తినకుంట పక్కోళ్లకు పెట్టొద్దు," అనేది అక్క.

తిప్పలన్నీ ముడి పడనివాటితో వచ్చాయి. మనిషి ఒక మాట అనబోయి ఆగిపోతాడు. ఆగేలోపే పట్టీ దాన్ని పట్టేసి ఉంటుంది. అక్క రాసిన ఫైళ్ల అమరికలో అలాంటి సగం మాటలన్నీ ఒక మూలన భద్రంగా ఉండేవి. పడుగు వాడేవాళ్లు అప్పటికి మూడు వందల కుటుంబాల దాకా ఉన్నారు, అందరూ బాపులాంటివాళ్లే. హుజూరాబాద్‌లో ఒకావిడ పన్నెండేళ్లుగా మంచంలో ఉన్న భర్తకు అన్నం కలిపి నోట్లో పెడుతోంది. ఒక రోజు ఆ మూల తెరిచి చూసింది. 'నీ మొఖం జూడబుద్ధి అయితలేదు' అని ఒక సగం మాట ఉంది. ఎప్పుడో ఒక చెడ్డ పూట అతని మనసులో లేచి, అతనే మింగేసిన మాట. ఆమె సంచి సర్దుకుని పుట్టింటికి పోయింది. అతనికి అన్నం పెట్టే దిక్కు లేక మేమే మనిషిని వెతికి పెట్టాల్సి వచ్చింది.

ఆ సంగతి రాసిన ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండిపోయింది. ముడి పడని మాటల్ని, మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ ఊడ్చిపారెయ్యాలని నియమం రాశాను.

అక్క ఒప్పుకోలేదు. "సగం మాట గూడ మనిషిదే తమ్మీ. ఊడ్చేటందుకు నువ్వెవరు?"

"మింగిన మాటను కక్కిచ్చేటందుకు నువ్వెవరు?" అన్నాను నేను.

మూడు వారాలు కొట్లాడుకున్నాం. గదిలో కొంత, పడుగు వాడేవాళ్లంతా చదివే ఉత్తరాల జాబితాలో కొంత. ఊరూ పేరూ తెలియనివాళ్లు కూడా పక్షాలు కట్టారు. చివరికి నేను వేరుపడ్డాను. ఈ పనిలో వేరుపడటానికి పెద్దమనుషులు, పంచాయితీ అక్కర్లేదు. మొత్తం ఒక నకలు తీసుకుని నడిచిపోవడమే. అన్నదమ్ములు పంచుకుంటే ఇంటి మధ్య గోడ లేస్తుంది, తలా సగం దక్కుతుంది. మాకు తలా ఒక పూర్తి ఇల్లు దక్కింది, మనిషే దక్కలేదు. నేను కాజీపేటలో గది తీసుకుని నా పడుగు నేను నడుపుకున్నాను. అక్క వైపు ఏం రాస్తోందో చూడనని ఒట్టు పెట్టుకున్నాను. ఇద్దరం పెళ్లి ఊసెత్తనివాళ్లమే. "మిషన్లకిచ్చి చేసిన పిల్లలు," అని బాపు అందరికీ చెప్పుకునేవాడు. ఆ తరువాత అలా చెప్పడం మానేశాడట.

పోయిన రోజు సాయంత్రం ఐదున్నరకు అక్క మిషన్ ముందే పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఫర్హానా ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లి తిరిగి వచ్చేసరికి ఇక్కడ కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, మిషన్ ఆరిపోయి ఉంది. మూడో రోజు పిట్టకు పెట్టాం. విస్తరి పెట్టి అటు తిరిగామో లేదో కాకి వచ్చి ముట్టింది. "మనసుల ఏం పెట్టుకోలే, తల్లి సల్లగ పోయింది," అన్నారు చుట్టాలు. నేను కూడా తలూపాను.

గదిలో ఏమీ మారలేదు. అక్క కుర్చీ మీద అదే మాసిన దిండు ఉంది. కిటికీ పక్కన బాపు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "వచ్చినవా," అన్నాడు అంతే.

ఫర్హానా తన మిషన్‌లో అక్క చివరిగా చేసిన మార్పు చూపించింది. నా ఊడ్చే నియమం, అక్షరం మారకుండా, నా పేరుతోనే ఉంది. మార్పు చేసేటప్పుడు కారణం రాసే చోట అక్క ఇలా రాసింది: 'సంపత్ చెప్పినదే సరి. జగిత్యాల నుంచీ హుజూరాబాద్ లాంటి ఉత్తరమే వచ్చింది, చదివాక ఒప్పుకుంటున్నాను. ఇంకొకరి ఇల్లు కూలకముందే ఒప్పుకోవలసింది.'

చదివి కుర్చీలో కూలబడ్డాను. గెలిచినందుకు ఏడ్చిన మనిషిని అదివరకు నేను చూడలేదు.

"ఇది పెట్టినంక మిషన్ ఒక్కపారి గూడ ఆన్ ఆఫ్ చెయ్యలే," అంది ఫర్హానా. "పడిపోయేటప్పుడు చేతికి పట్టీ ఉండె. ఏందో రాయబోయింది, ముడి పడలే. ఇప్పుడు ఆన్ జేస్తే..."

"ఊడ్చుకపోతది."

"నీ రూలు ప్రకారం."

"నా రూలు ప్రకారమే," అన్నాను.

బాపు ఎడమచేత్తో కుర్చీ చెయ్యి తట్టాడు. "అది ఏం రాయబోయిందో తెలుస్తదా?"

తెలుసుకోవచ్చు, కానీ గడువుంది. పట్టీలోని చిప్పుకు గోరంత బ్యాటరీ ఉంటుంది. అది పది రోజులు ఓర్చుకుంటుంది. నాలుగు అయిపోయాయి. పడుగును లేపకుండా, చిప్పును బయటి నుంచి చదివే పనిముట్టు నేను రాయాలి. అలాంటి దొంగదారి ఉండకూడదని దాని తలుపులన్నీ బిగించింది కూడా ఒకప్పటి నేనే.

అయిదు రోజులు ఆ గదిలోనే ఉన్నాను. పొద్దున ఫర్హానా వచ్చేసరికి నేను తలుపు తీసేవాణ్ని. ఆమె వాళ్లింటి నుంచి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చేది. ముందు అక్క డిస్కుకు నకలు తీశాం. చిప్పులో ఉండేది అక్షరాలు కాదు, నరాల కదలిక. దాన్ని అక్షరాలు చేయాలంటే అక్క చేతి తీరు తెలియాలి. ఏ అక్షరానికి ఆమె నరం ఎలా కదులుతుందో ఆ కొలతలు డిస్కులో ఉన్నాయి. వాటిని తవ్వి తీయడానికే రెండు రోజులు పట్టింది. పేర్లన్నీ అక్క తన ఇష్టమొచ్చినట్టు పెట్టింది. ఒక ఫైలు పేరు 'తిక్కసంపతి'. తెరిస్తే లోపల నేను పాతకాలంలో చేసిన తప్పుల జాబితా, ఒక్కొక్కదాని పక్కన ఆమె చేసిన మరమ్మతు. నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వడానికి సిగ్గేసింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చిప్పు పలికింది. కదలిక బాగా అస్పష్టంగా ఉంది. అందుకని, తెలిసిన ముక్కను బట్టి తెలియని ముక్కను ఊహించే పద్ధతి ఒకటి దానికి జోడించాను. ఊహించాలంటే దానికి మేత కావాలి. నా దగ్గరున్నవి అక్కా నేనూ కలిసి ఉన్నప్పటి పాత ఉత్తరాలే, అవే వేశాను.

తెర మీద అక్షరాలు వచ్చాయి. 'తమ్మీ, నీ మాటే నిజమైంది. ఇంటికి రా.'

బాపుకు వినపడేలా గట్టిగా చదివాను. చదువుతూ ఏడ్చాను. ఫర్హానా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్లున్న మగవాణ్ని, జొన్నరొట్టె చేతితోనే కళ్లు తుడుచుకున్నాను. నాకు కావలసింది దొరికింది. పద్నాలుగు నెలలు వినాలనుకున్న మాట అక్షరాలా అదే.

"ఇంకోపారి చదువుమను," అన్నాడు బాపు.

మళ్లీ నడిపాను. 'తమ్మీ, నా మీద కోపం పోయిందా? ఇంటికి రా.' ఇంకోసారి. 'తమ్మీ, నువ్వు లేక గది ఖాళీగా ఉంది.'

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"ఇది దాని మాట కాదు," అన్నాడు బాపు.

"బాపూ, మొదటిది..."

"మొదటిది గూడ కాదు. అది ఎన్నడన్న 'నీ మాటే నిజమైంది' అన్నదా నీతోటి? కారణం రాసినకాడ రాస్తది గని నీ మొఖం మీద అంటదా? మగ్గం మీద సగం నేసిన జంపఖానాను ఇంకొకడు కూసోని నేస్తడు కొడుకా. కొనేటోనికి తెల్వది. నాకు తెలుస్తది. చెయ్యి మారితే పేక మీద పడే దెబ్బ మారుతది. ఇది నీ దెబ్బ."

ఫర్హానా మెల్లగా అంది. "అన్నా, ఊహకు నువ్వు ఏసిన ఉత్తరాలల్ల నీలక్కయి ఎన్ని, నీవెన్ని?"

లెక్క చూడక్కర్లేదు. అక్క పొట్టి ఉత్తరాలు రాసేది, నేను పురాణాలు రాసేవాణ్ని. మేతలో ముప్పావు వంతు నేనే. నా కోరికను నేనే మిషన్‌కు తినిపించి, అక్క పేరుతో నేనే వడ్డించుకుని తిన్నాను.

ఆ ఊహను తీసేయడానికి ఒక్క వరుస చెరిపితే చాలు. గంటసేపు చెరపలేదు. అలాగే ఉంచుకుని రోజూ ఒకసారి నడుపుకుంటే ఎవరికేం నష్టం? రోజూ అక్క కొత్త మాటతో పిలుస్తుంది. రోజూ ఇంటికి రమ్మంటుంది. ఆ ఆశ ఎంత తీపిగా ఉందో చెప్పడానికి నాకు సిగ్గులేదు. బాపు నన్నే చూస్తూ కూర్చున్నాడు. చివరికి చెరిపాను.

ఉన్నదున్నట్టు చదివితే చిప్పులో ఒకే మాట ఉంది. 'తమ్మీ'. తరువాత పదకొండు సెకన్లు నరం తడబడింది, అది ఏ అక్షరమూ కాదు. ఆపైన ఏమీ లేదు.

చుట్టాల కాకి అబద్ధం చెప్పింది. మనసులో పెట్టుకునే పోయింది. ఏం పెట్టుకుందో ఇక ఎవరికీ తెలియదు. నాకైతే ఆ మధ్యాహ్నం అక్క రెండోసారి పోయినట్టయింది.

ఫర్హానా మాత్రం ఊరుకోలేదు. ఆమె పని మొదటినుంచీ మేమిద్దరం వదిలేసిన మూలలు వెతకడమే. నకలు డిస్కులో అక్క సగం మాటలు దాచే మూలను తెరిచి, తేదీలవారీగా పేర్చి, "అన్నా, ఇటు రా," అంది.

నేను వేరుపడిన మర్నాటి నుంచీ వరసగా ఉన్నాయి. దాదాపు అన్నీ సాయంత్రం ఐదున్నరకు, పని ముగించి టీ తాగే వేళకు రాయబోయినవే. ఊహ లేకుండా ఒక్కొక్కటే చదివించాను.

'తమ్మీ'

'తమ్మీ, బాపు ఇయ్యాల'

'తమ్మీ, అన్నం'

'తమ్మీ'

'సంపతూ, నీకు ఒక సంగతి'

'తమ్మీ'

మొత్తం నాలుగు వందల పదకొండు. ఒక్కదానికీ ముడి లేదు. రోజూ పిలవబోయింది, రోజూ ఆగిపోయింది. నా నియమం తన మిషన్‌లో పెట్టుకుంటే ఇవన్నీ ఊడ్చుకుపోతాయని ఆమెకు తెలుసు. తెలిసే పెట్టుకుంది, జగిత్యాలలోలా ఇంకొకరి ఇల్లు కూలకూడదని. ప్లగ్గు పీకిన ఫర్హానా పుణ్యమా అని అవి మిగిలాయి.

బాపు అన్నీ చదివించుకున్నాడు. కొన్ని రెండేసిసార్లు. 'తమ్మీ, బాపు ఇయ్యాల' దగ్గర ఆగి, తేదీ అడిగి, ఆ రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకునే ప్రయత్నం చేశాడు. గుర్తు రాలేదు. తరువాత నావైపు తిరిగాడు.

"మరి నువ్వు?"

"నేనేంది బాపూ?"

"నువ్వు రాయబోయినవా ఎన్నడన్న? దానికి?"

"రోజూ," అన్నాను. మళ్లీ అన్నాను. "రోజూ బాపూ. పొద్దున మిషన్ ముందట కూసోంగనే ఫస్టు అదే పని. అక్కా అని మొదలుపెట్టేటోణ్ని, ఆపేటోణ్ని. ఒక్క రోజు తప్పలే."

అది నిజం. కాజీపేట గదిలో నేనూ పట్టీ కట్టుకునే కూర్చునేవాణ్ని. 'అక్కా, తప్పయింది' దాకా వెళ్లిన రోజులున్నాయి. 'అక్కా, నీ చేతి చాయ్ తాగి' అనబోయి, తెర మూసేసి బయటికి నడిచిన రోజులున్నాయి. అవన్నీ నా నరంలోంచి పట్టీలోకి వెళ్లే ఉంటాయి.

"ఏదీ, సూపెట్టు," అన్నాడు బాపు. "దానియి చదివినం గద. నీయి గూడ చదువు. రెండు పక్క పక్కన పెట్టి వింట."

నా సంచిలోంచి నా మిషన్ తీశాను. తెరవకముందే నాకు జవాబు తెలుసు. సగం మాటలు ఉండాల్సిన మూల తెరిచాను. నేను ప్రతి పొద్దునా మిషన్ ఆన్ చేసేవాణ్ని. ప్రతి పొద్దునా నా నియమం నా ఇల్లు శుభ్రంగా ఊడ్చిపెట్టేది. అక్కడ సున్నా అని ఉంది.

తెరను బాపు వైపు తిప్పాను. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ, సున్నా తెలుసు.

"ఒక్కటి గూడ లేదా?"

"లేదు బాపూ."

"నిజంగనే రాయబోయినవా?"

"నిజంగనే."

బాపు ఎడమచేత్తో నా భుజం పట్టుకుని, "లే, పొద్దు పోయింది, టీ తాగుదాం," అన్నాడు. నమ్మాడో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.